సాదా కొంగు చీర వెంట కొండలకు

కుంతాల జలపాతం చూసి వచ్చానని తెలిసిన నాటి నుంచి మా బడిలో పంతుళ్లందరూ ఒకటే ప్రశ్న వేస్తున్నారు, ఎంత ఎత్తు నుంచి పడుతుందని. నేను టేపు పట్టుకొని పోలేదు. చాలా ఎత్తే అని చెబితే వాళ్లకు తృప్తి లేదు. ఎత్తు తప్ప మరొకటి అడిగే ఓపిక వాళ్లకు లేదు కనుక మిగతా సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఆదిలాబాదు కొండలు చూడాలని ఉండీ పోలేకపోయిన వాళ్లు చదువుకోవచ్చు. అయితే ఇది సంబరంగా తిరిగొచ్చిన వాడి రాత కాదని ముందే చెప్పడం మర్యాద.

మాది సిరిసిల్ల. మా అన్న రాజేశం మగ్గం నేస్తాడు. బాపు పోయిన ఏడు అన్న మగ్గం గుంటలో దిగాడు. అప్పటికి అతనికి పన్నెండేళ్లు. నన్ను మాత్రం దిగనివ్వలేదు. ఆ మగ్గం మీదే నన్ను చదివించి పంతులును చేశాడు. ఇప్పుడు నలభై అయిదేళ్లకు అతని కళ్లు పోతున్నాయి. కరీంనగర్‌లో కళ్ల డాక్టరు చూసి నీటికాసులన్నాడు, చుక్కల మందు రాసిచ్చాడు, ఆపైన నన్ను పక్కకు పిలిచి ఉగాది దాకా చూపు నిలిస్తే ఎక్కువే అన్నాడు. పక్కకు పిలిచి లాభం లేకపోయింది. అన్నకు తగ్గింది చూపే, చెవులు బాగానే ఉన్నాయి.

ఆ రోజు బస్టాండులో చాయ్ తాగుతూ అన్న అన్నాడు: "తమ్మీ, నాకు కాశీ వద్దు, తిరుపతి వద్దు. నేను నేసిన చీర ఎవలన్న కట్టుకోంగ ఒక్కపారి చూడాలె."

ఇది వింతగా తోచవచ్చు. చీరలు నేసేవాడు చీర కట్టిన మనిషిని చూడకపోవడమేమిటని. సంగతేమిటంటే, నూలు కంట్రోలు రోజుల్లో రంగు నూలు దొరకక అన్న కొంగుకు పట్టెలు మానేసి, సన్న ఎర్ర అంచు మాత్రం పెట్టి ముతక చీరలు నేశాడు. కొంగు సాదాగా ఉన్న చీర మా వైపు ముత్తైదువలు కట్టరు. మా వదినే ముట్టలేదు. కానీ ఆదిలాబాదు జిల్లా జైనూరులో ఒక బట్టల సేటు ఆ చీరలన్నీ కొన్నాడు. మళ్లీ అవే కావాలని కబురు చేశాడు. కంట్రోలు పోయి రంగు నూలు వచ్చాక కూడా, కొంగు సాదాగానే ఉంచు, ఇక్కడ అట్లనే అడుగుతున్నారని చెప్పి పంపాడు. అప్పటి నుంచి అన్న నేసిందంతా ఆ కొండల్లోకే పోతోంది. భాద్రపదంలో అయితే సేటుకు రెట్టింపు కావాలి. దీపావళికి కొండల్లో గోండులు నెమలి ఈకల కిరీటాలు పెట్టుకొని ఊరూరా దండారి ఆడతారని విన్నాం కనుక, పండుగకు కొత్త చీరలు కొంటున్నారనుకున్నాం. ఆ నెలలో అన్న పక్కింటి మగ్గాల మీద కూడా అవే నేయించేవాడు.

దసరా సెలవులు రాగానే బయలుదేరాం. వదిన సర్వపిండి కాల్చి మూటగట్టింది. ఎవరు కట్టుకున్నా సరే, ఆమె మొహం ఎట్లుంటుందో కూడా చూసి రమ్మని అన్నకు మరీమరీ చెప్పింది.

నిర్మల్

జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా రోజంతా బస్సే. దుమ్ము ఎంత తిన్నామంటే సర్వపిండికి ఆకలి మిగల్లేదు. సోన్ వంతెన మీద అందరూ గోదావరిలోకి పైసలు విసిరారు. నది నిండుగా ఉంది. అన్న చూపు ఇప్పుడు తలుపు సందులోంచి చూసినట్టు నడుమ మాత్రమే ఉంది, పక్కలకు ఏమీ కనబడదు. అందుకని తల మెల్లగా తిప్పుతూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నదిని కొంచెం కొంచెంగా చూశాడు. సగం చూసేసరికి వంతెన అయిపోయింది. మిగతాది వచ్చేటప్పుడు చూద్దాంలే అన్నాను. వచ్చేది వేరే దారి అని అతనికీ తెలుసు.

నిర్మల్‌లో కొయ్య బొమ్మలు చూశాం. ఒక అంగట్లో అన్న జామపండు తీసి వాసన చూశాడు. అది కొయ్యది. అంగడాయన నవ్వి, మంచి చూపున్న వాళ్లే మోసపోతారు పెద్దమనిషీ అన్నాడు. ఆయనకు తెలియక అన్నాడు కానీ నాకు ప్రాణం చివుక్కుమంది. అన్న మాత్రం పండును ఇటూ అటూ తిప్పి, రంగు వేసిన వాని చెయ్యి మంచిదన్నాడు. రాత్రి సత్రంలో నల్లులు మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆ సత్రం పేరు రాయను, అక్కడికి పోయేవాళ్లు వాళ్లే తెలుసుకుంటారు.

కుంతాల

నేరడిగొండలో దిగి బండి మాట్లాడుకున్నాం. అడవంతా టేకు. మా వైపు కలప కొట్లలో చూసే టేకు వేరు, నిలబడి ఉన్న టేకు వేరు. ఆకు పడితే పళ్లెం పడ్డట్టు చప్పుడవుతుంది. జలపాతం కనబడకముందే వినబడింది. అన్న బండి దిగి నడుస్తానన్నాడు.

పైనుంచి చూస్తే నీళ్లు మూడు మెట్లుగా దూకుతున్నాయి. కిందికి మెట్లు లేవు, బండరాళ్లే. వద్దన్నా అన్న దిగాడు. నేను ముందు దిగుతూ అతని పాదం పట్టి రాయి మీద పెడుతూ వచ్చాను. చిన్నప్పుడు వాగు దాటించడానికి అతను నన్ను భుజాన వేసుకున్నది గుర్తొచ్చింది. కింద మడుగు దగ్గర కూర్చున్నాం. తుంపర మొహాన కొడుతోంది. అన్న తల ఎత్తి పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి చూశాడు.

"గంజి పెట్టి ఆరబెట్టిన పడుగు లెక్కున్నది తమ్మీ," అన్నాడు. "గింత పొడుగు పడుగు ఎవడు నేస్తడు?"

అక్కడ ఒక ఆఫీసరు గారి కుటుంబం పిక్నిక్కుకు వచ్చింది. గ్రామఫోను, నాలుగంతస్తుల టిఫిన్ క్యారియర్, నేల మీద జంబుఖానా. మడుగు పక్కన వెలసిన సోమేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టడానికి కొందరు గోండు ఆడవాళ్లు కూడా వచ్చారు. అన్న లేచి, కనబడిన ఆడమనిషి దగ్గరికల్లా పోయి వంగి కొంగు వైపు చూడటం మొదలుపెట్టాడు. గోండు ఆడవాళ్లు పక్కకు జరిగి నవ్వుకున్నారు. ఆఫీసరు గారి భార్య దగ్గరికి పోయేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నాడండీ ఈయన?" అని నన్ను గట్టిగా అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కకు తీసుకుపోయి సంగతి చెప్పాను. ఆయన కాసేపు బూటుతో ఇసుక గీకి, తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి పూరీలు పెట్టించాడు. వెళ్లేటప్పుడు కెమెరా తీసి, ఇద్దరూ నిలబడండి, జలపాతం ముందు ఫొటో తీస్తాను, పోస్టులో పంపిస్తాను అన్నాడు.

"నాకెందుకు సారూ ఫొటో," అన్నాడు అన్న. "మా తమ్మునిది తియ్యుండ్రి."

నేనొక్కణ్ణి నిలబడనన్నాను. అట్లా మా కుంతాల ఫొటో లేకుండా పోయింది. అన్నను పైకెక్కిస్తుంటే అతను, గోండు ఆడోళ్లల్ల ఒక్కలు గూడ నాది కట్టలేదు, జైనూరు దూరం గద అన్నాడు. అవునన్నాను.

జైనూరు అంగడి

ఉట్నూరులో కూలిన కోట గోడలెక్కి చూసి, మరునాడు జైనూరు చేరాం. మేం దిగింది అంగడి రోజే. మా అంగళ్లలో చెవులు చిల్లులు పడేట్టు అరుస్తారు. ఇక్కడ అరిచేది బయటి ఊళ్ల నుంచి వచ్చిన వ్యాపారులే, కొండల వాళ్లు సరుకు ముందు పెట్టుకొని మౌనంగా కూర్చుంటారు. ఇప్పపువ్వు, సారపప్పు, చింతపండు, తేనె. మోదుగ దొప్పలో పేలాలు, బెల్లం అణాకిచ్చారు. చాయ్ రెండణాలు, అందులో పాలు ఎక్కడున్నాయో వెతకాలి. కలిసిన వాళ్లల్లా రాం రాం అని పలకరించారు. ముక్కు మొహం తెలియని నాకు ఒక్క పూటలో అన్ని నమస్కారాలు ముందెన్నడూ దొరకలేదు.

సేటు దుకాణంలో అన్న చీరలు ఒక మూల దొంతిగా ఉన్నాయి. అన్న దగ్గరికి పోయి చేత్తో తడిమి, "నావే," అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది.

సేటు బాగా వయసు మళ్లినవాడు. మనిషిని ఎన్నడూ చూడకపోయినా పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. చాయ్ తెప్పించాడు, పాన్ పెట్టాడు.

"ఎవలు కట్టుకుంటరు సేటూ గివి?" అన్న అడిగాడు.

"కొంటరు," అన్నాడు సేటు. అట్లా అంటూ వేరే గిరాకికి గజాలు కొలవడానికి లేచాడు. అన్న మళ్లీ అడిగాడు. "పోతున్నయి గద రాజేశం, నీకెందుకు ఫికర్? ఇంకో చాయ్ తాగు," అన్నాడు.

అంతలో ఒక గోండు పెద్దమనిషి వచ్చాడు. తెల్ల రుమాలు, చేతికర్ర. పేరు జంగు అని తర్వాత తెలిసింది. వేలితో ఆ దొంతి చూపించాడు. సేటు ఒక చీర తీసిచ్చాడు. జంగు మడత విప్పి చూడలేదు, బేరమాడలేదు, పైసలిచ్చి చంకలో పెట్టుకున్నాడు. చీరను నాలుగు మడతలు విప్పి, వెలుగుకు పట్టి చూసి, బట్ట మీద రెండు వంకలు పెట్టకుండా కొన్న మనిషిని నేను సిరిసిల్లలో చూడలేదు.

అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "చూసినవా తమ్మీ, విప్పి గూడ చూడలే. నా చెయ్యి మీద గంత నమ్మకం." అని జంగు వైపు తిరిగి, "ఎవలికి దాదా చీర?" అన్నాడు.

"కోడలికి," అన్నాడు జంగు.

"మేము మీతోటి రావచ్చునా? మీ ఊరికి. ఆమెను ఒక్కపారి చూసి పోతం."

సేటు గబగబా అడ్డొచ్చాడు. "వాళ్లకు పనున్నది రాజేశం, ఊకె పరేషాన్ చెయ్యకు. అటు దిక్కు వాగులున్నయి, నీ కండ్లకు దారి గూడ దొరకది." జంగు మాత్రం మా ఇద్దరినీ కాసేపు చూసి, "రాండ్రి," అన్నాడు.

తర్వాత తెలిసింది, చావు జరిగిన ఇంటికి వస్తామన్న మనిషిని, ఎవరైనా సరే, వద్దనకూడదట వాళ్లలో. మేం తెలిసే అడిగామనుకున్నాడతను. మా దగ్గర కూడా అంతే కదా, పీనుగ లేచే ఇంటికి వచ్చిన వాణ్ణి నువ్వెవరని ఎవరూ అడగరు. కానీ ఆ పూట నాకిది తోచలేదు. కొత్త చీర కొన్న మనిషి వెంట పోతున్నాం, పెళ్లో పేరంటమో అనుకున్నాను.

గూడెం

రెండు కోసుల నడక. జంగు ముందు, వెనక అన్న, చివర నేను. దారి పొడుగునా జంగు ఒక్క మాట మాట్లాడలేదు. అన్నే మాట్లాడాడు. కోడలిది ఏ ఊరు, పెండ్లి ఎప్పుడైంది, మనిషి పొడుగా పొట్టా, పొడుగైతే ఎనిమిది గజాలు చాలవేమోనని. జంగుకు మా తెలుగు సగమే తెలుసు, తెలిసిన సగానికి కూడా జవాబివ్వలేదు. వాగు దగ్గర మాత్రం ఆగి అన్న చెయ్యి పట్టుకొని దాటించాడు.

గూడెం చాలా శుభ్రం. తడకల గోడలకు ఎర్రమట్టి అలికి, ముంగిట ఒక్క పుల్ల లేకుండా ఊడ్చి ఉంది. ఏడుపులు వినబడి నేను ఆగిపోయాను. అన్న ఆగలేదు.

ఇంటి ముందు మంచం మీద ఒక పిల్ల. పద్దెనిమిదేళ్లుంటాయేమో. వారం రోజుల జరంతో పోయింది. జంగు ఆమెకు మేనమామ, మామ కూడా. ఒక్కో చుట్టం వచ్చి ఒక్కో కొత్త బట్ట మీద కప్పుతున్నాడు. మా వైపు కూడా పీనుగ మీద బట్ట కప్పుతాం, తెల్లది. ఇక్కడ అప్పటికే మూడు చీరలు కప్పారు. మూడూ ఎర్ర అంచువి, సాదా కొంగువి. జంగు చంకలో చీర తీసి అప్పుడు మొదటిసారి మడత విప్పాడు. ఆమె మీద పరిచి, కొంగు పాదాల దాకా సర్ది, పక్కకు నిలబడ్డాడు.

అన్న తల వంచి కొంచెం కొంచెంగా చూస్తున్నాడు. అంచు వెంబడి చూపు నడిపి, కాలి కడియాల దాకా వచ్చి అక్కడ ఆగాడు. నేను అతని భుజం పట్టుకున్నాను. కట్టెపుల్ల విరిగినట్టు విరిగిపోతాడేమోనని భయమేసింది. అతను ఏడవలేదు. అందరితో పాటు నడిచి అడవిలోకి వచ్చాడు. మట్టి చేసేటప్పుడు గుప్పెడు మట్టి అతనూ వేశాడు. అన్న నేసిన చీరలు నాలుగూ మా కళ్ల ముందే మట్టిలో కలిసిపోయాయి.

మోతుబాయి ఇల్లు

పొద్దు గుంకుతోంది, తిరిగి పోయే దారి లేదు. జంగు మమ్మల్ని తన అక్క మోతుబాయి ఇంట్లో ఉండమన్నాడు. ఆమెకు డెబ్బై ఏళ్లుంటాయి. భర్తా ఇద్దరు కొడుకులూ పోయి, పెద్ద కొడుకు భార్యతో ఉంటోంది. అంగట్లో ఉప్పు కొంటూ అమ్ముతూ నేర్చిన తెలుగు ఆమెది, మరాఠీ కలిసి ఉంటుంది. జొన్న గట్క, కందిపప్పు పెట్టింది. చావు ఇంటి నుంచి వచ్చి తినబుద్ధి కాలేదు కానీ తినకపోతే ఆమె నొచ్చుకుంటుందని తిన్నాను. అన్న గట్క ముందు పెట్టుకొని కూర్చున్నాడు.

"ఈ దాదాకు ఆ పిల్ల ఏమైతది?" అని నన్ను అడిగింది మోతుబాయి. "సొంత బిడ్డ పోయినట్టు కూసున్నడు."

నేను మొత్తం చెప్పాను. కళ్ల సంగతి, చీరల సంగతి. ఆమె చిన్న పుల్లతో పొయ్యిలో బూడిద గీకింది.

"కొంగుకు రంగు లేని చీర మా దిక్కు కప్పుతం. కట్టుకోం," అంది. "ఈ గూడెం అట్లనే, పక్క గూడెం అట్లనే. నా మొగడు పోయిన్నాడు నా పుట్టింటోళ్లు తెచ్చి నాకు కప్పబోయిన్రు, నేను గూడ పోతననుకున్నరు అంత జరం. సేటు మీకు చెప్పలేదా?"

"చెప్పలే అవ్వా," అన్నాను.

"ఎట్ల చెప్తడు? చెప్తే నేస్తరా?" మళ్లీ తనే అంది: "వానలు వెనకబట్టినంక జరం వస్తది. అప్పుడే ఎక్కువ మంది పోతరు."

అన్న అప్పుడు మాట్లాడాడు. "భాద్రపదం," అన్నాడు. "తమ్మీ, సేటు రెట్టింపు అడిగేది భాద్రపదంల." దండారికి కొంటున్నారనుకొని ఆ నెలలో మేం ఇంట్లో బెల్లం పాయసం వండుకునేవాళ్లం. పని ఎక్కువొచ్చిందన్న సంబరం. అది నాకూ గుర్తొచ్చింది. గట్క గిన్నె అన్న ముందు అట్లాగే చల్లారింది.

తెల్లవారి మేం వాకిట్లో ముఖాలు కడుక్కుంటుంటే లోపల అత్తా కోడలూ గోండిలో వాదులాడుకోవడం వినబడింది. కోడలు ఏడుస్తూ బయటికొచ్చి మొహం అటు తిప్పుకొని నిలబడింది. వెనకే మోతుబాయి వచ్చింది. సాదా కొంగు, ఎర్ర అంచు. కొత్త చీర, గంజి కూడా పోలేదు. తను పోయిన రోజుకని కొని కుండలో దాచుకున్నది. చుట్టాలు తెచ్చినా తేకపోయినా ఒకటి ఉండాలని అక్కడి ముసలివాళ్లు అట్లా దాచుకుంటారట. ఒకసారి ఒంటి మీద వేస్తే ఇక అది దానికి పనికి రాదు.

"దాదా, ఇటు చూడు," అంది. "బతికున్న మనిషి మీద ఎట్లుంటదో చూసుకో."

కడవ చంకన పెట్టుకొని వాగుకు పోయింది. అన్న వాకిట్లో నిలబడి ఆమె పోయిన దిక్కే చూస్తున్నాడు. నీళ్లతో తిరిగొచ్చి కడవ దించి, అతని ఎదురుగా నిలబడింది. ఎండ ఆమె మీద పడుతోంది. అన్న ముందు ఆమె మొహం చూశాడు, నుదురు, ముక్కుపోగు, నోరు, వదిన చెప్పినట్టే. తర్వాత కొంగు చేతిలోకి తీసుకొని అంచు వెంబడి బొటనవేలు జరిపాడు.

నేనూ మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణే. అంచుకు అన్న ఎప్పుడూ జంట పోగులు వేస్తాడు, చినగకుండా. ఈ అంచుకు ఒంటి పోగులే ఉన్నాయి. అన్న బొటనవేలు ఆగింది.

"నీదేనా?" అంది మోతుబాయి.

"నాదే అవ్వా," అన్నాడు అన్న. "మంచిగున్నది నీకు."

ఆమె నవ్వింది. అంత వయసులో కూడా కొత్త చీర కట్టిన ఆడమనిషి నవ్వే. వచ్చేటప్పుడు కోడలి చేతిలో నేను డబ్బు పెట్టబోతే తీసుకోలేదు. అన్న తన భుజం మీది కొత్త తువ్వాలు తీసి ఆమెకిచ్చాడు. అది మాత్రం తీసుకుంది.

కెరమెరి ఘాటు

ఆసిఫాబాదు పోయే బస్సును ఘాటు దిగేముందు ఇంజను చల్లారడానికి ఆపుతారు. అందరూ దిగి లోయ చూస్తారు. కొండ మీద కొండ, ఆకుపచ్చ మీద నీలం, కింద దారి వంకర్లు తిరుగుతూ పోతుంది. చూడటానికి మన జిల్లాల్లో ఇంతకన్నా మంచి చోటు లేదని నా ఉద్దేశం. పక్కన ఒక కుటుంబం అటుకులు తింటూ ఒకరికొకరు చూపించుకుంటున్నారు. అన్నకు నేను చెబుతున్నాను, ఎడమ దిక్కు పెద్ద కొండ, దాని మీద మబ్బు, కుడి దిక్కు వాగు.

"నాది గాదు తమ్మీ అది," అన్నాడు అన్న.

"ఎరుకే అన్నా."

"ఎవడో నా లెక్క నేసి అమ్ముతున్నడు. పలచగ." కాసేపు లోయ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆమెకు తెల్వకపోవుడే మంచిది. నా కోసం కట్టుకున్నది గద, పాపం."

నేను అడగకూడనిది అడిగాను. "ఇగ సేటుకు నేస్తవా అన్నా?"

"చూపున్నన్ని దినాలు నేస్త. మానేస్తే ఎవడో ఒంటి పోగుది అంటగడతడు. ఆ పిల్ల మీద నాలుగూ నావే. చూసినవా, అంచు ఎంత గట్టిగున్నదో." అని అప్పుడు ఏడ్చాడు. లోయ చూడటానికి వచ్చిన వాళ్లు మా వైపు చూశారు. నేను అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు హారను కొట్టాడు కానీ కండక్టరు చూసి, జర ఆగుమని చెయ్యి ఊపాడు. ఆ కండక్టరు పేరు అడగనందుకు ఇప్పుడు బాధగా ఉంది.

ఇల్లు

ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులో రైలెక్కాం. మందమర్రిలో బొగ్గు గనుల షిఫ్టు దిగి నల్లటి మొహాలతో కొందరు ఎక్కారు. వాళ్లలో ఒకాయన అన్నకు కిటికీ పక్కన చోటిచ్చాడు. అన్న కళ్లు మూసుకొనే కూర్చున్నాడు. మంచిర్యాల దాటాక గోదావరి వచ్చింది, చూడమని చెప్పబోయి మానుకున్నాను.

ఇంటికి చేరేసరికి వదిన కండెలు చుడుతోంది. చెయ్యి ఆపి అన్నను చూసింది.

"చూసినవా?" అంది.

"చూసిన. ఒక ముసలవ్వ కట్టుకున్నది. కడవెత్తుకొని వాగుకు పోయొచ్చింది. ముక్కుపోగు, నవ్వుమొహం. మంచిగున్నది."

వదిన నా వైపు తిరిగింది. "నిజమేనా మరిదీ?"

"నిజమే వదినె."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లూ తను ముట్టని చీర అంత దూరాన ఎవరో కట్టుకున్నారని సిగ్గుపడ్డట్టుంది. రాట్నం పక్కకు జరిపి అన్న దగ్గరికొచ్చి కూర్చుంది.

"నాకు గూడ గసొంటిదే ఒకటి నెయ్యి," అంది. "సాదా కొంగుదే. నేను గూడ కట్టుకుంట. నీకు చూపున్నప్పుడే చూద్దువు."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. చెప్పాలో వద్దో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. వదినకు చదువు రాదు కనుక ఇది రాయగలుగుతున్నాను.

"నీకొద్దు గది," అన్నాడు అన్న చివరికి. "నీకు కొంగుకు పట్టెలు పెట్టి నేస్త. ఎర్రవి, పచ్చవి."

మరునాడే పడుగు ఎక్కించాడు. ఎరుపుకూ పచ్చకూ తేడా అతనికి ఇప్పుడు తెలియడం లేదు. సాయంత్రం బడి విడవగానే నేను పోయి మగ్గం పక్కన కూర్చుంటున్నాను. కండె చేతికిస్తూ ఇది ఎరుపన్నా, ఇది పచ్చన్నా అని చెబుతున్నాను. రోజుకు జానెడు కూడా సాగడం లేదు.